తెల్లగోడ మీద వెలుగు: సాన్రెడామ్ వేసిన పల్లె చర్చి

(తెర మీద చిత్రం మొత్తం. పది సెకన్లు మాట లేదు.)

పదిహేడో శతాబ్దపు యూరప్ కళాశైలి బరోక్ అనగానే ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో బొమ్మల్లోని చీకటి గుర్తొస్తుంది. ఇక్కడ ఆ చీకటి లేదు. ఆసెన్‌డెల్ఫ్ట్ అనే డచ్చి పల్లె చర్చి లోపలి భాగం ఇది. 1649లో డచ్చి చిత్రకారుడు పీటర్ సాన్రెడామ్ వేశాడు. ఎత్తు 50 సెంటీమీటర్లు, వెడల్పు 76. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో ఉంది.

(గోడ దగ్గరికి.)

గోడ తెలుపేనా? కాగితానికి శనగగింజంత కన్నం పెట్టి, అందులోంచి ముక్కముక్కగా చూడండి. ఒకచోట లేత పసుపు, పక్కనే బూడిద రంగు. సున్నం కొట్టిన గోడలు వెలుగును ఒకదాని మీదికి ఒకటి తిప్పికొడతాయి. అందుకే నీడల్లోనూ వెలుగుంటుంది, అంచులు మెత్తబడతాయి. చిత్రంలో కనిపించే నెమ్మది అక్కణ్నుంచే. దీన్ని చూసి వేసేవాళ్లు నీడలో నలుపు కలుపుతారు. గోడ పొగచూరిన వంటిల్లవుతుంది. ఇంకో పొరపాటు, గోడకే పూర్తి తెలుపు వాడేయడం. ఇక కిటికీకి ఏం మిగులుతుంది?

(గీతల చిత్రం.)

అక్కడికక్కడ గీసుకున్న చిత్రం 1634 నాటిది. స్కేలుతో కట్టిన గీతల చిత్రం 1643ది. రంగులు 1649లో. అంటే పదిహేనేళ్లు! ముందు చూపు నిలిచే బిందువు గుర్తించి, లోపలికి పోయే గీతలన్నీ అక్కడికి లాగేవాడు. ఆ కాగితం వెనక నల్లగా రుద్ది, చెక్కపలక మీద పెట్టి గీతల వెంట నొక్కితే అచ్చు దిగుతుంది. బిందువు కాస్త పైకి జరిగిందా, నేల పరుచుకుంటుంది, చర్చి ఎత్తు చచ్చిపోతుంది.

అదే కాలపు మరో డచ్చి చిత్రకారుడు ఎమాన్యుయెల్ డి విట్టె దారి వేరు. డెల్ఫ్ట్ పాత చర్చిని వేస్తూ అప్పుడే తవ్విన సమాధి గొయ్యి, స్తంభం దగ్గర కాలెత్తిన కుక్క పెట్టాడు. చావు గుర్తుచేయాలంటే ఆ గొయ్యి చాలు.

(మళ్లీ ఆసెన్‌డెల్ఫ్ట్. నేల మీద కూర్చున్న జనం.)

1566లో డచ్చి సీమలో విగ్రహాలు పగలగొట్టారు. ప్రొటెస్టెంట్ల చేతికొచ్చిన చర్చిల్లో బొమ్మలు పోయి సున్నం మిగిలింది, ప్రసంగం మిగిలింది. వీళ్లు వింటున్నది దాన్నే.

(ముందువైపు సమాధి రాయి. కెమెరా కదలకూడదు.)

రాతి మీద అక్షరాలు చదవండి. సాన్రెడామ్ తండ్రి, చెక్కి అచ్చువేసే చిత్రాల కళాకారుడు యాన్ సమాధి అది. ఆయన 1607లో పోయాడు, కొడుక్కి పదేళ్లు నిండకముందే. ఆ రాయి పక్క రాళ్లతో పాటే, అదే కొలతకు అణిగి ఉంది.