అమ్మమ్మ సహస్రనామం, మైమొనిడీస్ అరబ్బీ

నమస్తే అండి. "మైమొనిడీస్ హీబ్రూ తత్వవేత్త. యూదుల ఆలోచన యూదులది, అరబ్బుల ఆలోచన అరబ్బులది." 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమొనిడీస్ గురించి ఈ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఇవాళ దీని సంగతి తేల్చేద్దాం.

(ఇక్కడ పుస్తకం చూపించాలి)

ఇది మా అమ్మమ్మ విష్ణు సహస్రనామం. అట్ట ఊడిపోతే దారంతో కుట్టుకుంది, అంచులకు పసుపు వేలిముద్రలు. లిపి తెలుగు, భాష సంస్కృతం. దీన్ని ఎవరైనా తెలుగు రచన అంటారా?

దాదాపు 1190లో ఈజిప్టులో మైమొనిడీస్ ముగించిన 'దలాలత్ అల్ హాయిరీన్' కూడా ఇలాంటిదే. సందిగ్ధంలో పడ్డవాళ్లకు దారి చూపే పుస్తకం. తెరిస్తే హీబ్రూ అక్షరాలు కనిపిస్తాయి, పైకి చదివితే అరబ్బీ వినిపిస్తుంది. అక్కడి యూదులు ఇంట్లోనూ బజార్లోనూ మాట్లాడేది అరబ్బీయే. పిల్లలు తోరా, అంటే తమ పవిత్ర గ్రంథం, చదవడం కోసం ముందుగా దిద్దేది మాత్రం హీబ్రూ అక్షరాలు. ఏం రాయాలన్నా చెయ్యి వాటి మీదికే పోయేది. పాత కైరో అయిన ఫుస్తాత్‌లో బెన్ ఎజ్రా ప్రార్థనామందిరం ఉంది. దేవుడి పేరున్న కాగితం పారేయకూడదని అక్కడ ఒక గదిలో వేసేవారు. తర్వాత బయటపడ్డ ముక్కలు దాదాపు 4 లక్షలు. కొట్టు లెక్కలు, పెళ్లి ఒప్పందాలు, మందుచీటీలు, అన్నీ వాటిలో ఉన్నాయి. చాలావాటిది ఇదే తీరు: తమ లిపి, ఊరి భాష.

మళ్లీ అమ్మమ్మ పుస్తకం దగ్గరికి రండి. దీన్ని కాశీ పండితుడికి ఇస్తే ఒక్క అక్షరం చదవలేడు. పక్కన కూర్చుని చదివి వినిపిస్తే ప్రతి నామం అర్థమవుతుంది. మైమొనిడీస్ పుస్తకం ముందు కైరో ముస్లిం పండితుడి సంగతీ అంతే. ఇప్పుడు తిప్పి చూడండి. నేను దీన్ని గడగడా చదివేస్తాను, సగం నామాలకు అర్థం తెలీదు. దక్షిణ ఫ్రాన్స్ యూదులకు సరిగ్గా ఇదే ఇబ్బంది. అక్షరాలు తమవే, భాష రాదు. అందుకే శామ్యూల్ ఇబ్న్ తిబ్బన్ మైమొనిడీస్ పుస్తకాన్ని హీబ్రూలోకి అనువదించి 1204లో పూర్తిచేశాడు. మైమొనిడీస్ పోయింది కూడా ఆ ఏడాదే.

వచ్చి కలుస్తానన్న ఆ అనువాదకుడికి మైమొనిడీస్ రాసిన జవాబు నాకెంతో ఇష్టం. ఆయన రాజవైద్యుడు. పొద్దున్నే కైరోలో కొలువు, మధ్యాహ్నం దాటాక ఆకలితో ఇల్లు చేరితే వసారా నిండా రోగులు, యూదులూ ఇతరులూ. రాత్రయ్యేసరికి కూర్చునే ఓపిక లేక పడుకునే మందులు చెప్పేవాడు. నువ్వొచ్చినా గంటసేపైనా దొరకను అంటాడు. తర్కం చదవాలంటే అల్ ఫారాబీ ఒక్కడు చాలు, ఆయన రాసిందంతా మేలిమి పిండి అనీ అంటాడు. అల్ ఫారాబీ ముస్లిం తత్వవేత్త. ఆ సలహా ఇస్తున్నది యూదుల ధర్మశాస్త్రానికి పెద్దదిక్కు. గోడ ఎక్కడుందండీ?

ఇంకో సాక్ష్యం. 11వ శతాబ్దపు స్పెయిన్ యూదు కవి ఇబ్న్ గబిరోల్ అరబ్బీలో ఒక తత్వగ్రంథం రాశాడు. లాటిన్‌లోకి వెళ్లాక 'అవిసెబ్రాన్' అనే పేరు చూసి చాలామంది ముస్లిం అనుకున్నారు. అందులో బైబిల్ మాట ఒక్కటీ లేదు మరి. 1846లో పారిస్‌లో సాలమన్ ముంక్ హీబ్రూ ఎత్తిరాతలతో పోల్చి చూసేదాకా అసలు సంగతి తేలలేదు.

టైమ్ అయిపోతోంది, భక్తి సంగతి గబగబా చెప్పేస్తాను. మైమొనిడీస్ కొడుకు అబ్రహాం ఈజిప్టు యూదులకు పెద్ద. ప్రార్థనకు ముందు కాళ్లు కడుక్కోవడం, వరసల్లో కూర్చోవడం, సాష్టాంగపడటం తెచ్చాడు. ఇది ముస్లింల పద్ధతి అని సొంతవాళ్లే సుల్తాన్‌కు ఫిర్యాదు చేశారు. ఇవి మన ప్రవక్తలవే, ప్రవాసంలో మనం పోగొట్టుకుంటే సూఫీలు నిలుపుకున్నారు అన్నది ఆయన వాదన. ఆయన కొడుకు ఒబదయా మనసును నీటి కుండంతో పోల్చాడు: మంచినీళ్లు రావాలంటే ముందు బురద తీయాలి. ఆ పోలిక ముస్లిం పండితుడు అల్ గజాలీ దగ్గర ముందే ఉంది.

చివరిగా ఆ బెన్ ఎజ్రా గదిలో దొరికిన ఒక ఉత్తరం. గంటలు చేసే బసీర్ అనే యూదుడి భార్య తమ పెద్దకు రాసుకుంది. నా మొగుడు కొండమీద సూఫీ గురువు అల్ కురానీ దగ్గరే ఉండిపోతున్నాడు, పిల్లలున్నారు, ఇల్లు అమ్మేసి అక్కడికే పోతానంటున్నాడు, మీరే వెనక్కి రప్పించాలి అని. ఆ గోడు కూడా అరబ్బీలోనే, హీబ్రూ అక్షరాలతో.