తేదీ దగ్గరే తప్పటడుగు: తొలి క్వేకర్ల రాతలు చదవడం ఎలా?

ఒక తేదీతో మొదలుపెడదాం. ఏ కారణం చెప్పినా సరే, ఆయుధం పట్టి యుద్ధం చెయ్యం అని క్వేకర్లు (పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ వాళ్లు) ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కు ఒక ప్రకటన ఇచ్చారు. దాని మీద "1660, పదకొండో నెల, 21వ రోజు" అని ఉంటుంది. చూడగానే నవంబరు అనుకుంటాం. కానీ అది 1661 జనవరి 21.

లెక్క ఇదీ. 1752కు ముందు ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మారేది, ఇంచుమించు మన ఉగాది వేళకి. నెలల పేర్లలో అన్యదేవతలు ఉన్నారని క్వేకర్లు వాటిని పలికేవారు కాదు, అంకెలు వేసేవారు. మార్చి మొదటి నెల, జనవరి పదకొండోది, ఫిబ్రవరి పన్నెండోది. వారాలూ అంతే: ఆదివారం మొదటి రోజు, సోమవారం రెండో రోజు. (మన వారాల పేర్లూ గ్రహాలవే. అవీ వాళ్లకు పనికొచ్చేవి కావు.) పాత కాగితంలో పదకొండో నెలో పన్నెండో నెలో కనిపిస్తే సంవత్సరానికి ఒకటి కలపండి. మొదటి నెలలో 24వ తేదీ లోపుదైతే ఆగి, ముందూ వెనకా ఉన్న ఉత్తరాలతో సరిచూసుకోండి.

ఇది వట్టి చాదస్తం కాదు. 1661 జనవరి మొదటి వారంలో క్రీస్తు రాజ్యాన్ని కత్తితో తెస్తామన్న థామస్ వెన్నర్ మనుషులు లండన్‌లో ఆయుధాలతో తిరగబడ్డారు. క్వేకర్లూ అలాంటివాళ్లే అన్న అనుమానం మీద వాళ్లను వేలమందిని జైళ్లలో వేశారు. ప్రకటన దానికి జవాబు. నవంబరని చదివితే ప్రశ్న కంటే జవాబే ముందొస్తుంది.

తెలుగు చేసేవాళ్లకు ఇంకో చిక్కుంది, అది నువ్వు, మీరు అన్న మాటలతో. ఆ రోజుల ఇంగ్లీషులోనూ ఈ తేడా ఉండేది. ఒక్కడిని పట్టుకుని బహువచనంలో పిలవడం అబద్ధమనీ ముఖస్తుతి అనీ క్వేకర్ల వాదన. అందుకే న్యాయమూర్తినైనా "నువ్వు" అనేవారు. క్వేకర్ల తొలి నాయకుడు జార్జ్ ఫాక్స్ అప్పటి ఇంగ్లండు పాలకుడు క్రాంవెల్‌కు రాసిన ఉత్తరాన్ని "తమరు" అంటూ అనువదిస్తే మర్యాద మిగులుతుంది, ఫాక్స్ మిగలడు. టోపీ తియ్యకపోవడమూ ఈ పట్టుదలే. 1670లో విలియం పెన్, విలియం మీడ్ అనే క్వేకర్లను కోర్టులోకి తెచ్చేటప్పుడు వాళ్ల టోపీలు వేరేవాళ్లు తీసేశారు. అక్కడ వాళ్ల నెత్తిన మళ్లీ టోపీలు పెట్టించి, తియ్యలేదని తలా 40 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) జరిమానా వేశారు.

ఇక వెలుగు సంగతి, అంటే ప్రతి మనిషి లోపలా క్రీస్తు వెలుగు పడుతుందన్న క్వేకర్ల నమ్మకం. ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. అంతర్జ్యోతి అనగానే మన మనసు ఆత్మ, బ్రహ్మం వైపు పోతుంది. క్వేకర్ల సిద్ధాంతాన్ని వివరించిన రాబర్ట్ బార్‌క్లే ఆ దారి ముందే మూసేశాడు. 15 ప్రతిపాదనలుగా 1676లో లాటిన్‌లో, 1678లో ఇంగ్లీషులో వచ్చిన ఆయన "అపాలజీ" (క్షమాపణ అనుకునేరు, సమర్థన) చెప్పేదేమిటంటే, ఆ వెలుగు మనిషి స్వభావంలో భాగం కాదు, బుద్ధి కాదు, మనస్సాక్షి కూడా కాదు. మనస్సాక్షి లాంతరు, క్రీస్తు వెలుగు అందులో పెట్టిన దీపం. దీపం లేని లాంతరు దేనికి? ఆ వెలుగు క్రీస్తు పేరు విననివాడికి కూడా అందుతుందన్నాడు. యోహాను సువార్త మొదటి అధ్యాయం 9వ వచనం వీళ్లకు ఆధారం. అయితే ప్రతి మనిషికీ ఆ పిలుపు వచ్చే కాలం ఒకటుంటుంది, మొండికేస్తే అది దాటిపోతుంది.

మూడో ప్రతిపాదనలో లేఖనాలు ఊటను గురించి చెప్పే మాటలే తప్ప ఊట కావన్నాడు. ఇంతవరకే చదివి "వీళ్లు బైబిలును పక్కన పెట్టారు" అనేస్తారు. అక్కడే ఇంకో మాటా ఉంది: ఆత్మ ప్రేరణ అంటూ లేఖనానికి విరుద్ధంగా ఏం చేసినా అది సైతాను భ్రమే.

ఆ కంచె ఊరికే వేసింది కాదు. 1656లో జేమ్స్ నేలర్ అనే క్వేకర్ నాయకుడు యెరూషలేములో క్రీస్తు ప్రవేశించిన తీరులో గుర్రమెక్కి బ్రిస్టల్‌లోకి వచ్చాడు. అది దైవదూషణ అని పార్లమెంటు అతని నాలుకకు కాల్చిన చువ్వతో రంధ్రం పెట్టించి, నుదుట వాత వేయించింది. అప్పటి నుంచి క్వేకర్లకు తమ మాటల మీద తమకే భయం. 1673 నుంచి లండన్‌లో సోమవారం ఉదయం సభ కూడి, అచ్చుకు వెళ్లే రాతప్రతులు చదివి ఒప్పుకునేది. ఫాక్స్ రాతలను కూడా ఆపితే ఆయనకు కోపం వచ్చింది.

కాబట్టి ఫాక్స్ "జర్నల్"ను డైరీలా చదవకండి. 1675 ప్రాంతంలో, ముప్ఫై ఏళ్ల సంగతులు గుర్తు చేసుకుంటూ ఆయన చెబుతుంటే థామస్ లోయర్ రాసుకున్నది అది. ఫాక్స్ పోయిన మూడేళ్లకు, 1694లో, థామస్ ఎల్‌వుడ్ సరిదిద్ది అచ్చువేశాడు. క్రాంవెల్‌కు రాసిన కాగితంలో ఫాక్స్ తనను దేవుని కుమారుడని చెప్పుకున్న మాట అందులో లేదు. స్వస్థతలు, దర్శనాలు కొన్ని పలచబడ్డాయి. రాతప్రతిని ఉన్నదున్నట్టు నార్మన్ పెన్నీ 1911లో అచ్చువేశాడు. అక్షరక్రమం చికాకు పెడుతుంది, అయినా రెండూ పక్కపక్కన పెట్టుకునే చదవాలి.

ఒక్కచోట మాత్రం ఆ వీలు లేదు. రాతప్రతి మొదటి పుటలు పోయాయి. "నీ స్థితికి తగినట్టు మాట్లాడగలవాడు ఒక్కడున్నాడు, క్రీస్తు యేసే" అని 1647లో ఫాక్స్ విన్న స్వరం, క్వేకర్లు అందరికంటే ఎక్కువగా చెప్పుకునే ఆ వాక్యం, ఆ పుటల్లోదే. అది మనకు ఎల్‌వుడ్ చేతి మీదుగానే వచ్చింది.