చేరిన రోజే ఈఎస్ఐలో పేరు పడాలి

అన్నలకి, అక్కలకి, ఇక్కడికొచ్చిన షెడ్ల ఓనర్లకి కూడా నమస్కారం. ఓనర్లు వచ్చినందుకు నిజంగా సంతోషం, ఎందుకంటే ఈఎస్ఐలో, అంటే జబ్బు చేసినా పనిలో దెబ్బ తగిలినా వైద్యం, డబ్బు ఇచ్చే సర్కారు బీమాలో, పేరు ఎక్కించాల్సింది వాళ్ళే, వర్కర్ తనంతట తాను వెళ్ళి చేరలేడు.

పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ఫ్యాక్టరీ గానీ షాపు గానీ హోటల్ గానీ ఈఎస్ఐ కిందికి వస్తుంది, అలా వచ్చిన 15 రోజుల్లో ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. పది మంది అంటే హాజరు పట్టీలో ఉన్నవాళ్ళే కాదు, ఊడ్చే అక్క, లోడింగ్‌కి కాంట్రాక్టర్ పంపిన పిల్లలు, వీళ్ళు కూడా లెక్కే. "మా దగ్గర తొమ్మిది మందే సార్" అని చెప్పేవాళ్ళని చాలామందిని చూశాను, షెడ్డులోకి పోయి చూస్తే పదిహేను మంది ఉంటారు. ఇంకోటి, ఒకసారి కిందికొచ్చాక మనుషులు తగ్గినా అందులోంచి బయటికి రారు.

జీతం నెలకి 21,000 దాకా ఉన్నవాళ్ళకి వర్తిస్తుంది, దివ్యాంగులకైతే 25,000. మరి కటింగ్ ఎంత? 15,000 జీతం తీసుకోండి. వర్కర్ వాటా 0.75 శాతం అంటే 113 రూపాయలు, ఓనర్ వాటా 3.25 శాతం అంటే 488. రెండూ కలిపి తర్వాతి నెల 15 లోపు ఓనరే కట్టాలి. రోజుకి సగటున 176 రూపాయలు లోపు వచ్చేవాళ్ళ దగ్గర ఏమీ కట్ చేయకూడదు, కానీ ఓనర్ తన వాటా కట్టాల్సిందే. కాంట్రాక్టర్ కట్టకపోతే అసలు కంపెనీ కట్టి తర్వాత అతని బిల్లులోంచి పట్టుకోవాలి, అంతేగానీ "అది మేస్త్రి చూసుకుంటాడు" అంటే కుదరదు.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే విషయం. "మూడు నెలలు చూద్దాం, నిలబడితే అప్పుడు ఎక్కిద్దాం" అంటారు. ప్రెస్ మెషిన్ మూడు నెలలు ఆగుతుందా? అసలు కొత్తగా వచ్చిన పిల్లాడికే కదా వేళ్ళు నలిగేది, వాడికి మెషిన్ అలవాటు ఉండదు. పనిలో దెబ్బ తగిలితే ఇన్ని రోజులు కట్టి ఉండాలన్న షరతే లేదు, చేరిన మొదటి రోజే తగిలినా జీతంలో 90 శాతం వస్తుంది, అంటే ఆ 15,000 వాడికి పనికి పోలేని రోజులకి సుమారు 450 చొప్పున. పేరు లేకపోతే ఏం జరుగుతుందో మీకే తెలుసు, ప్రైవేట్ ఆస్పత్రిలో పడేసి, దెబ్బ తగిలాక పాత డేట్‌తో పేరు ఎక్కించాలని ఉరుకులు పరుగులు, అక్కడ డేట్లు కలవక ఆ పిల్లాడి ఫైలు నెలల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

మామూలు జబ్బుకి మాత్రం షరతుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి, ఇలా ఆరేసి నెలల లెక్క, ఒక ఆరు నెలల్లో 78 రోజులకి కట్టి ఉంటే తర్వాత దానికి సంబంధించిన ఆరు నెలల్లో జబ్బు సెలవుకి 70 శాతం వస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. కాన్పుకి 26 వారాలు పూర్తి జీతం.

మేలో జీతం పెరిగి 22,000 అయిందనుకోండి, వెంటనే పేరు తీసేయకూడదు, సెప్టెంబర్ 30 దాకా కటింగ్ నడవాలి.

వర్కర్లు చేయాల్సింది కూడా ఉంది. ఆధార్‌లో ఉన్నట్టే పేరు, పుట్టిన తేదీ ఇవ్వండి, భార్యాపిల్లల వివరాలు మొదటిరోజే రాయించండి, లేకపోతే డిస్పెన్సరీలో మీ బిడ్డ పేరు కనపడదు. ఐపీ నంబర్, అంటే ఈఎస్ఐలో మీ పేరు మీద ఇచ్చే బీమా నంబర్, అడిగి తీసుకోండి, ఉద్యోగం మారినా అదే నంబర్, కొత్తది తీసుకోకండి. పే స్లిప్‌లో కటింగ్ ఉందని ఊరుకోకుండా, ఆన్‌లైన్‌లో మీ నంబర్‌తో లాగిన్ అయి డబ్బు జమైందో లేదో చూడండి. మీ దగ్గర కట్ చేసి జమ చేయకపోవడం జైలుకి పంపే నేరం.

ఇక మీ ప్రశ్నలు అడగండి, కాంట్రాక్ట్ కింద చేసేవాళ్ళు ముందు మాట్లాడండి.