బాల్టిమోర్ వెళ్తే క్రాబ్ కేక్ ఎక్కడ తినాలి?

నమస్కారం. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో, చెసాపీక్ అఖాతాన్ని ఆనుకుని ఉన్న బాల్టిమోర్ నగరంలో క్రాబ్ కేక్ ఎక్కడ తింటే బాగుంటుందో ఈ వీడియోలో చెబుతాను. క్రాబ్ కేక్ కోసం నీలి పీతల మాంసంలో కాస్త మయొనీజ్, గుడ్డు, ఆవ ముద్ద, ఉప్పు బిస్కెట్ల పొడి కలిపి, ఉండగా చేసి ఓవెన్‌లో కాలుస్తారు, లేదా నూనెలో వేయిస్తారు.

ప్లేటు రాగానే ఫోర్క్‌తో మెల్లగా విడదీసి చూడండి. మంచి క్రాబ్ కేక్ అయితే తెల్లగా మెరిసే పెద్ద పెద్ద ముక్కలు దేనికది విడివడతాయి. నాసిరకమైతే పిండిముద్దలా సాగుతుంది. ఆ పెద్ద ముక్కలనే జంబో లంప్ అంటారు. పీత ఈదడానికి వాడే వెనక కాళ్ల మొదట్లో ఉండే కండ అది. ఒక్కో పీతకు అవి రెండే వస్తాయి, పైగా పెంకు నుంచి చేత్తో ఒలవాలి కాబట్టే ధర అంత ఎక్కువ.

మొదట లెక్సింగ్టన్ మార్కెట్‌కు వెళ్లమంటాను. 1782 నాటి ఆ మార్కెట్‌లో 1886 నుంచి పేరున్న ఫేడ్లీస్ అనే దుకాణం వారి జంబో లంప్ క్రాబ్ కేక్‌ను నూనెలో వేయించి, పక్కన ఉప్పు బిస్కెట్లు పెట్టి ఇస్తారు. పైన పలుచని కరకర, లోపల మాంసపు సహజమైన తీపి ఒకేసారి నోటికి తగులుతాయి. స్థానికులు వెళ్లే పేట హోటల్ కావాలంటే హార్ఫర్డ్ రోడ్డులోని కోకోస్ పబ్ ఉంది. అక్కడి క్రాబ్ కేక్ 11 ఔన్సులు, అంటే 300 గ్రాములకు పైమాటే, ఇద్దరు పంచుకోవచ్చు. విమానం దిగి నేరుగా తినాలనుకుంటే విమానాశ్రయానికి దగ్గరలో, లింథికమ్‌లో ఉన్న జీ అండ్ ఎం హోటల్ అనుకూలంగా ఉంటుంది.

పీతల ఇగురు ఘాటుకు అలవాటుపడిన మనకు మొదటి ముక్క చప్పగా అనిపించవచ్చు. అయినా వెంటనే హాట్ సాస్ పోయకండి, ఎందుకంటే డబ్బు పెట్టేది ఆ మాంసపు రుచికే. మరీ కావాలంటే ఓల్డ్ బే పొడి కొద్దిగా చల్లుకోండి. జర్మనీలో నాజీల బారి నుంచి తప్పించుకుని వచ్చిన గుస్టావ్ బ్రున్ ఈ నగరంలోనే తయారుచేసిన మసాలా అది.

ఆర్డర్ చేసే ముందు మాంసం ఎక్కడిదో తప్పకుండా అడగండి. మేరీల్యాండ్‌లో పీతలను పట్టేది సుమారు ఏప్రిల్ నుంచి నవంబరు దాకానే. ఇండోనేషియా, వెనిజులా వంటి దేశాల నుంచి వచ్చే మాంసం కూడా ఇక్కడి హోటళ్లలో విరివిగా వాడతారు. స్థానిక పీతలనే ఎక్కువగా వాడే హోటళ్లను గుర్తించేందుకు ఆ రాష్ట్రం ట్రూ బ్లూ అనే ముద్రను ప్రవేశపెట్టింది. మెనూలో ధరకు బదులు మార్కెట్ ధర అని మాత్రమే ఉంటే, ఆ రోజు రేటు ఎంతో కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి.