సిడ్నీలో 600 రూపాయలు పెట్టి బొద్దింకలు కొన్నాం! మా తొండ పిల్ల ఏం తింటుందో చూడండి

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈ వీడియో మా అమ్మ అడిగిందని చేస్తున్నా. ఈ మధ్య ఫోన్ చేస్తే ముందు "ఆ తొండ తిన్నదా?" అంటుంది. మేం తిన్నామా లేదా అన్న ఊసు ఆ తర్వాతే. నిజం చెప్పొద్దూ, ఇంకో కారణం కూడా ఉంది. నడుం నొప్పి పుట్టేలా కూర్చుని అరిసెలు చేసి చూపిస్తే రాని వ్యూస్, వీడు మందార పువ్వు నమిలిన చిన్న క్లిప్‌కి వచ్చాయి. కాబట్టి ఇవాళ హీరో వీడే. పేరు బకాసురుడు, ఇంట్లో బకా అంటాం. ఆడో మగో ఇంకా తెలీదు, ఇంత చిన్న వయసులో చెప్పడం కష్టమట.

వీడు బియర్డెడ్ డ్రాగన్. సొంతూరు ఈ ఆస్ట్రేలియానే, లోపల ఎండు నేలలుంటాయి చూశారా, అక్కడ. మన పెరట్లో కంచె మీద తల ఊపే తొండదీ వీడిదీ ఒకటే కుటుంబం. కోపమొస్తే గొంతు కింద గడ్డంలా ఉబ్బి నల్లబడుతుంది. బయట కనిపించిందని పట్టుకొచ్చి పెంచుకుంటే నేరం. పెంచి అమ్మేవాళ్ళ దగ్గర కొన్నా, మేముండే న్యూ సౌత్ వేల్స్‌లో లైసెన్స్ ఉండాలి. అది మా వారి పేరు మీద ఉంది. అమ్మకి చెబితే, "తొండకి లైసెన్సా? మన వీధిలో బండి నడిపేవాళ్ళకే సగం మందికి లేదు" అంది.

సరే, అసలు విషయానికొద్దాం. ఇదిగో ఈ డబ్బా. మూత తీస్తున్నా, భయపడేవాళ్ళు కాసేపు కళ్ళు మూసుకోండి. బొద్దింకలు! ఇక్కడ వీటిని ముద్దుగా వుడీస్ అంటారు. డబ్బా 10 డాలర్లు, అంటే మన లెక్కలో దాదాపు 600 రూపాయలు. అమ్మ జీవితమంతా బొద్దింకల మీద యుద్ధం చేసింది, గట్టు కింద మందు పెట్టని నెల లేదు. నేనేమో కొనుక్కొచ్చి, క్యారెట్ ముక్కలు కోసిపెట్టి మేపుతున్నా. మేపడం ఎందుకంటే, పురుగు కడుపులో ఏది ఉంటే అదే వీడికి అందేది. అందుకే వీడికి పెట్టే ముందు ఒకటి రెండు రోజులు వాటికి ఆకులూ కూరముక్కలూ బాగా పెడతాం. దీన్ని గట్ లోడింగ్ అంటారు. అమెరికాలో దూబియా అని వేరే రకం బొద్దింకలు పెడతారు, ఇక్కడ వాటికి అనుమతి లేదు.

ఇప్పుడు సైజు చూడండి, దగ్గరగా చూపిస్తున్నా. వీడి రెండు కళ్ళ మధ్య ఎంత ఎడం ఉందో, పురుగు అంతకంటే పెద్దది కాకూడదు. పెద్దది పెడితే అరక్క కడుపులో అడ్డుపడే ప్రమాదం ఉంది. మీల్‌వార్మ్స్ అనే పురుగులు చవక, కానీ వాటి పెంకు గట్టి, డ్రాగన్ పిల్లలకి వద్దంటారు. పెరట్లో దొరికిన పురుగులూ వద్దు. ఎవరింట్లో ఏ మందు కొట్టారో, వాటిలో ఏ పరాన్నజీవులున్నాయో మనకేం తెలుస్తుంది?

ఈ బొద్దింకల్ని గిన్నెలో వేసి, చిటికెడు కాల్షియం పొడి వేసి ఇలా తిప్పాలి. చూడండి, ఒక్కొక్కటీ పౌడర్ రాసుకుని పెళ్ళికి బయల్దేరినట్టు లేవూ! పురుగుల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఎదిగే పిల్లకి ఎముకలు గట్టిపడాలి కాబట్టి ఈ పొడి దాదాపు రోజూ. విటమిన్ల పొడి వేరే ఉంది, అది వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

పొడి ఒక్కటీ వేస్తే సరిపోదండోయ్. పైన ఈ ట్యూబ్ లైటు ఉంది చూడండి, దీన్నుంచి వచ్చే యూవీబీ, అంటే ఎండలో ఉండే ఒక రకం కంటికి కనపడని కిరణాలు, తగిలితేనే ఒంట్లో డీ3 విటమిన్ తయారై, తిన్న కాల్షియం ఒంటబట్టేది. లేకపోతే ఎముకలు మెత్తబడి దవడ, కాళ్ళు వంకరపోతాయి. కిటికీ పక్కన పెడితే ఎండ తగలదా అని మా వారు అడిగారు. తగలదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. ట్యూబ్ 70 డాలర్లు, 4,200 రూపాయలు. పైగా లైటు వెలుగుతూనే ఉన్నా లోపల యూవీబీ తగ్గిపోతుంది కాబట్టి ఏడాది తిరిగేలోపు మార్చాలి. అన్నట్టు, మొన్న రక్త పరీక్షలో నాకూ డి విటమిన్ తక్కువని తేలింది. ఇంట్లోంచే ఉద్యోగం, మాట్లాడేది కంప్యూటర్‌తో, వీధిలోకి వెళ్తే పలకరించే మనిషి ఉండడు, ఎండ ఎక్కడ తగులుతుంది? బకాకి ట్యూబ్ లైటు, నాకు మాత్రలు.

టైమింగ్ కూడా ముఖ్యం. పొద్దున లైట్లు వేశాక వీడు ఆ రాయి మీద కూర్చుని బాగా వేడెక్కాలి, అక్కడ 40 డిగ్రీల దాకా ఉంటుంది. ఒళ్ళు వేడెక్కకపోతే తిన్నది అరగదు. ఇలా రోజుకి రెండు మూడుసార్లు, ఒక్కోసారి పది పదిహేను నిమిషాల్లో ఎంత తింటే అంత. ఆఖరి భోజనం లైట్లు ఆర్పడానికి రెండు గంటల ముందే. మిగిలిన పురుగుల్ని ఏరెయ్యాలి, ముఖ్యంగా కీచురాళ్ళు వేస్తే. అవి రాత్రిపూట వీడినే కొరుకుతాయి.

అయ్యో! ఒకటి పోయింది... ఫ్రిజ్ కిందకి వెళ్ళింది. ఏవండీ! చెప్పు తీయకండి, అది మన డబ్బాలోదే!

రేపు ఇన్‌స్పెక్షన్ ఉందండీ. ఇక్కడ అద్దెకుంటే ఏజెంట్ ముందుగా నోటీసిచ్చి, ఏడాదికి నాలుగుసార్ల దాకా వచ్చి ఇల్లు చూసుకోవచ్చు. పొయ్యి జిడ్డు, బాత్రూమ్ గోడ మీద బూజు, అన్నీ ఫొటోలు తీసుకుంటాడు. బకాకి లైసెన్స్ కాగితం చూపిస్తా, మరి బొద్దింకకి ఏం చూపించను? ఇవి నున్నటి గోడ మీద కూడా చకచకా ఎక్కేస్తాయి. మా వారు టార్చ్ వెతుకుతున్నారు, ఈలోగా ఆకుల సంగతి చెప్పేస్తా.

ఈ వయసులో ముప్పాతిక వంతు పురుగులు, పావు వంతు ఆకులు. పెద్దయ్యాక తిరగబడుతుంది, ఆకులే ఎక్కువ. అందుకే తిన్నా తినకపోయినా రోజూ పొద్దున సన్నగా తరిగి పెట్టి ఇప్పట్నుంచే అలవాటు చెయ్యాలి. ఇవాళ బాక్ చోయ్, ఎండైవ్ అనే ఆకుకూరలు, కాస్త గుమ్మడికాయ తురుము. మందు కొట్టని లాన్‌లో మొలిచే డాండెలియన్ ఆకులు కూడా మంచివి, పైసా ఖర్చు లేదు. మన పాలకూర, తోటకూర, గోంగూర మాత్రం వీడికి పడవు. వాటిలో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. గోంగూర ముట్టని తెలుగింటి ప్రాణి వీడొక్కడే! అవకాడో అయితే విషమే, ఇక్కడి వాళ్ళు పొద్దున్నే బ్రెడ్ మీద రాసుకు తినేది అదే. ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దు. మందార పువ్వు చూస్తే మాత్రం ఆగడు. కుండీలో రెండు పూస్తే ఒకటి దేవుడికి, ఒకటి వీడికి. ఒక్కటే పూసిన రోజు మా అబ్బాయి బకాకే వేసేస్తాడు, నేను చూడనట్టు ఊరుకుంటా.

నీళ్ళ గిన్నె పెట్టినా పెద్దగా పట్టించుకోడు. ముక్కు మీద రెండు చుక్కలు వేస్తే జారేవి నాకుతాడు. ఇదిగో, ఇదిగో, చూశారా? ముందు కాలు ఎత్తి మెల్లిగా గుండ్రంగా తిప్పుతున్నాడు! వీడియో కాల్‌లో ఇది చూసి అమ్మ తనకి టాటా చెబుతున్నాడని అటునుంచి చెయ్యి ఊపుతుంది. నిజానికి పిల్ల డ్రాగన్లు తమకంటే పెద్దవాటికి "నువ్వే గొప్ప, నన్నేం చెయ్యకు" అని చెప్పుకోవడమట అది. ఈ ముక్క అమ్మకి చెప్పలేదు. అమ్మా, వీడియోలో ఈ భాగం దాటేసెయ్యి.

టార్చ్ దొరికిందట, బొద్దింక ఇంకా దొరకలేదు. ఏజెంట్ రేపు పదింటికి వస్తాడు. ఫ్రిజ్ జరపాలి, ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, నేను వెళ్తున్నా. లైక్ కొట్టండి, వుడీస్ ఖర్చైనా వస్తుంది.