డిష్ పెద్దదైతే పవర్ తగ్గించాల్సిందే

ప్రయోక్త: రెండు మేడల మధ్య 2.4 గిగాహెర్ట్జ్ వైఫై లింకు. రేడియో 20 డీబీఎం, అంటే 100 మిల్లీవాట్లే. దానికి 24 డీబీఐ (పవర్‌ని ఒకవైపుకి ఎంత కూడగడుతుందో, అంటే గెయిన్ ఎంతో చెప్పే కొలత) గ్రిడ్ డిష్ బిగిస్తే తప్పేముందండీ?

ఆర్‌ఎఫ్ ఇంజినీరు: రేడియో హద్దు దాటట్లేదు, డిష్ దాటిస్తోంది. మన దేశంలో 2005 నిబంధనలు ఈ బ్యాండును లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చాయి కానీ రెండు హద్దులు పెట్టాయి. ట్రాన్స్‌మిటర్ 1 వాట్, యాంటెన్నా దాటాక ఈఐఆర్‌పీ (యాంటెన్నా గెయిన్ కూడా కలిపి లెక్కేసే పవర్) 4 వాట్లు, అంటే 36 డీబీఎం. లెక్క వేయండి: 20లోంచి కేబుల్‌లో పోయే 2 తీసేసి, డిష్ గెయిన్ 24 కలిపితే 42. ప్రతి 3 డీబీకి పవర్ రెట్టింపు కాబట్టి, హద్దుకి నాలుగు రెట్లు! రేడియోని 14కి దించాలి.

ప్రయోక్త: దించితే సిగ్నల్ పడిపోదూ?

ఇంజినీరు: అవతల కూడా 24 డీబీఐ డిష్ పెట్టండి. అందుకునేటప్పుడూ అదే గెయిన్ పనిచేస్తుంది, దానికి హద్దు లేదు. పైగా బీమ్ సన్నగా ఉంటుంది కాబట్టి పక్కింటి వైఫైకి ఇబ్బంది తక్కువ.

టెక్నీషియన్: మాకు ఎక్కువగా కనబడే తప్పు కేబుల్ దగ్గర. 10 మీటర్ల ఆర్‌జీ-58 వేస్తారు, మీటరుకి దాదాపు 1 డీబీ తినేస్తుంది. ఆ లోటుకి పవర్ పెంచుతారు. కొన్నాళ్లకి రేడియోని డిష్ వెనకే బిగించి, కేబుల్‌ని 1 మీటరుకి కుదిస్తారు. సెట్టింగ్ మాత్రం ముట్టుకోరు. 9 డీబీ, అంటే ఎనిమిది రెట్లు, అదనంగా గాల్లోకి పోతుంది.

ఇంజినీరు: ఇంకోటి, కొన్ని రేడియోలు ఒక్కో చెయిన్ (రేడియోలోని ఒక్కో ట్రాన్స్‌మిటర్ దారి) పవరే చూపిస్తాయి. రెండు చెయిన్లుంటే 3 డీబీ కలుపుకోవాలి.

ప్రయోక్త: రేడియో సెట్టింగుల్లో కంట్రీ కోడ్ అమెరికా పెడితే ఎక్కువ పవర్ వస్తుందంటారే?

ఇంజినీరు: అక్కడి లెక్క వేరండీ. ఎఫ్‌సీసీ (అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) నిబంధనల పార్ట్ 15లో ఈ బ్యాండులో స్థిర పాయింట్-టు-పాయింట్ లింకుకి, 6 డీబీఐ దాటిన ప్రతి 3 డీబీకి పవర్ 1 డీబీ తగ్గిస్తే చాలు. 24 డీబీఐకి, 1 వాట్ అంటే 30 డీబీఎంలోంచి 6 తగ్గించి 24 డీబీఎం ఇవ్వొచ్చు, ఈఐఆర్‌పీ 48. మన 2005 నిబంధనల్లో ఆ వెసులుబాటు లేదు. కోడ్ మార్చినా మీ డిష్ ఉన్నది ఇక్కడే కదా.

ప్రయోక్త: మరి రౌటర్లకి ఆ తిరగేసిన కనెక్టర్లు ఎందుకు?

ఇంజినీరు: అదీ ఎఫ్‌సీసీ వల్లే. వేరే యాంటెన్నా తేలిగ్గా తగిలించకుండా, మామూలుగా దొరకని కనెక్టర్ ఉండాలన్నారు. అలా వచ్చిందే ఆర్‌పీ-ఎస్‌ఎంఏ, అంటే మామూలు ఎస్‌ఎంఏ కనెక్టర్‌లో పిన్నూ బొక్కా తారుమారు చేసింది. ఇప్పుడది ఏ కొట్లోనైనా దొరుకుతోంది, అది వేరే సంగతి.

టెక్నీషియన్: బిగించే ముందు కనెక్టర్ల మధ్యలోకి చూడండి. రెండువైపులా బొక్కే ఉంటే మర బిగుస్తుంది, కాంటాక్ట్ ఉండదు. రెండువైపులా పిన్నే ఉంటే బలవంతం చేయకండి, వంగిపోతుంది. ఇక పోల్ విషయం: 2005 నిబంధనల ప్రకారం యాంటెన్నా మేడ కప్పుకి 5 మీటర్లు మించి ఎత్తులో ఉండకూడదు. 6 మీటర్ల పైపు కొని నిటారుగా నిలబెట్టేస్తున్నారు, కొలిచి కోయించండి.