పంటి ఎక్స్‌రే: ప్రశ్న ముందు, నీడ తర్వాత

అందరికీ నమస్కారం.

నేను దంతవైద్యం మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చారు. కింది దవడలో ఒక పన్ను రెండు రోజులుగా పీకుతోందనీ, రాత్రి కంటి మీద కునుకు లేదనీ చెప్పారు. ఎక్స్‌రే తీశాను. వేరు చుట్టూ ఎముక చక్కగా ఉంది. "ఎక్స్‌రేలో ఏమీ లేదమ్మా, నొప్పి మాత్ర వేసుకోండి, తగ్గిపోతుంది" అని పంపించేశాను. మూడో వారంలో ఆమె దవడ వాచిపోయి, నోరు తెరవలేని స్థితిలో తిరిగి వచ్చారు. అదే పంటికి మళ్ళీ ఎక్స్‌రే తీస్తే వేరు కొసన అగ్గిపుల్ల తలంత నల్లటి మచ్చ కనిపించింది.

మొదటి ఎక్స్‌రే అబద్ధం చెప్పలేదు. అది చెప్పలేని సంగతిని నేను దాన్ని అడిగాను. "ఈ పంట్లో నరం బతికి ఉందా?" అన్నది ఆ రోజు నేను తెలుసుకోవలసిన విషయం. దానికి ఎక్స్‌రే జవాబు ఇవ్వదు. పంటికి చల్లటి దూది ఆనించి చూసి ఉంటే ఎంతో కొంత తెలిసేది. ఈ రోజు నేను చెప్పబోయే రకరకాల ఎక్స్‌రేల వెనుక ఉన్న అసలు విషయం ఇదే. ఒక్కో ఎక్స్‌రే ఒక్కో ప్రశ్నకు పుట్టింది. ప్రశ్న ఏమిటో తేల్చుకోకుండా తీసిన ఎక్స్‌రే, అది ఎంత ఖరీదైన యంత్రంతో తీసినా, మనల్ని దారి తప్పించగలదు.

ముందుగా ఎక్స్‌రే అంటే ఏమిటో చూద్దాం. అది ఫొటో కాదు, నీడ. కిరణాలు ఒక వైపు నుంచి వస్తాయి, అవతల ఫిల్మో సెన్సరో ఉంటుంది. మధ్యలో ఉన్న పదార్థం ఎంత దట్టంగా ఉంటే అంత ఎక్కువ కిరణాలను ఆపుతుంది. లోహపు ఫిల్లింగ్ దాదాపు అన్నింటినీ ఆపుతుంది కాబట్టి తెల్లగా మెరుస్తుంది. పంటి పైపొర ఎనామిల్ తెలుపు, దాని లోపలి డెంటిన్ బూడిద రంగు, నరాలూ రక్తనాళాలూ ఉండే మధ్య భాగం నలుపు. పన్ను పుచ్చితే ఖనిజం కరుగుతుంది, కరిగిన చోట నీడ పలచబడి నల్లబడుతుంది. అయితే ఆ తేడా మన కంటికి ఆనాలంటే ఆ చోట ఖనిజం సుమారు 30 నుంచి 50 శాతం దాకా కరిగిపోయి ఉండాలి. అందుకే పుచ్చు ఎప్పుడూ ఎక్స్‌రేలో కనిపించే దానికంటే కొంత లోతుగానే ఉంటుంది. ఆ పెద్దావిడ విషయంలోనూ జరిగింది ఇదే. జబ్బు మొదలైంది, నీడ ఇంకా మారలేదు.

జర్మనీ భౌతిక శాస్త్రవేత్త రాంట్‌జెన్ 1895 నవంబరులో ఈ కిరణాలను కనుగొన్నారు. ఆ వార్త ప్రపంచానికి తెలిసిన కొద్ది రోజుల్లోనే, 1896 జనవరిలో, జర్మనీకి చెందిన దంతవైద్యుడు ఆటో వాల్కాఫ్ తన నోట్లోనే చిన్న గాజు పలక పెట్టుకుని పంటి ఎక్స్‌రే తీయించుకున్నారు. అందుకు ఆయన 25 నిమిషాలు కదలకుండా ఉండవలసి వచ్చింది. నేడు అదే పనికి సెకనులో చిన్న భాగం చాలు.

ఇప్పుడు రకాల దగ్గరికి వద్దాం. నోటి లోపల సెన్సర్ పెట్టి తీసేవి ఒక తెగ, నోటి బయటి నుంచి తీసేవి మరొక తెగ.

లోపలి వాటిలో మీలో చాలామందికి తెలిసినది చిన్న ఎక్స్‌రే. మేము దీన్ని ఐఓపీఏ అంటాం. సెన్సర్‌తో కంప్యూటర్ తెర మీద వెంటనే కనిపించే దాన్ని ఆర్‌వీజీ అనడం అలవాటు. రెండూ వేర్వేరు పరీక్షలని చాలామంది అనుకుంటారు. కాదు, పరీక్ష ఒకటే, నీడను పట్టే పద్ధతి మారింది. రెండు మూడు పళ్ళను తల నుంచి వేరు కొస వరకు, కొసకు అవతల రెండు మూడు మిల్లీమీటర్ల ఎముకతో సహా చూపించాలన్నది దీని నియమం. వేరు కొస కోసుకుపోయిన ఐఓపీఏ ఉన్నా లేనట్టే. వేరు చుట్టూ సన్నటి నల్లగీత, దాన్ని ఆనుకుని సన్నటి తెల్లగీత ఉంటాయి. నల్లగీత పంటిని ఎముకకు పట్టి ఉంచే నారపొర, తెల్లగీత ఆ గుంట గోడ. తెల్లగీత ఎక్కడైనా తెగిందా, నల్లగీత ఎక్కడైనా వెడల్పయిందా అని వేరు పొడవునా వేలితో గీసినట్టు చూసుకుంటూ పోవాలి. రూట్ కెనాల్ చేసేటప్పుడు కాలువ పొడవు సరిచూడటానికీ, నింపింది కొస వరకు చేరిందో లేదో తెలుసుకోవడానికీ, దెబ్బ తగిలి విరిగిన వేరును కనిపెట్టడానికీ మేము మొదట ఆశ్రయించేది దీన్నే.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి కొంచెం విడమరిచి చెబుతాను, ఎందుకంటే దీనివల్ల ఆరోగ్యంగా ఉన్న పళ్ళకు అనవసరంగా చికిత్స జరిగే అవకాశం ఉంది. కింది దవడలో చిన్న దవడపళ్ళ వేళ్ళ దగ్గర నరం బయటికి వచ్చే సహజమైన రంధ్రం ఒకటి ఉంటుంది. ఎక్స్‌రేలో అది సరిగ్గా వేరు కొస మీద పడితే చూడటానికి అచ్చం చీముగడ్డలాగే ఉంటుంది. ఏది గడ్డ, ఏది రంధ్రం?

దయచేసి అందరూ ఒక పని చేయండి. రెండు చేతుల చూపుడు వేళ్ళను కళ్ళ ముందు ఒకదాని వెనుక ఒకటి నిలబెట్టండి. ఒక కన్ను మూయండి. ఇప్పుడు తలను మెల్లగా కుడివైపుకు జరపండి. వెనకాల ఉన్న వేలు మీతోపాటు కుడివైపుకు జరిగినట్టు, దగ్గర వేలు ఎడమకు జరిగినట్టు అనిపించింది కదా? మీ కన్ను ఎక్స్‌రే ట్యూబు అనుకోండి. ట్యూబును కొంచెం పక్కకు జరిపి రెండో ఎక్స్‌రే తీస్తే, ట్యూబుతోపాటు జరిగింది నాలుక వైపుది, ఎదురు జరిగింది చెంప వైపుది. నీడకు లోతు లేదు. రెండు నీడలు కలిస్తే లోతు తెలుస్తుంది. ఆ నల్లమచ్చ గడ్డ అయితే ఎటు నుంచి తీసినా వేరు కొసను అంటిపెట్టుకునే ఉంటుంది. రంధ్రమైతే కొసను వదిలి పక్కకు తప్పుకుంటుంది. దవడలో ఇరుక్కుపోయిన కోరపన్ను ముందు పళ్ళకు ముందుందో వెనకుందో తేల్చడానికీ ఇదే ఉపాయం. వందేళ్ళు దాటిన పద్ధతి. కొత్త యంత్రం అడగదు, ఆలోచన అడుగుతుంది. నాకు ఇది ఎప్పటికీ ఇష్టమైన పాఠం.

రెండోది బైట్‌వింగ్. నా అభిప్రాయంలో దీనికి దక్కవలసిన గౌరవం దక్కడం లేదు. రెండు పళ్ళు ఒకదానికొకటి ఆనుకున్న చోట మొదలయ్యే పుచ్చు అద్దంలో కనిపించదు, పరీక్షించే వైద్యుడి కంటికీ తరచుగా దొరకదు. సెన్సర్‌కు ఉన్న చిన్న రెక్కను పళ్ళ మధ్య కొరికి పట్టుకుంటే పై పళ్ళ తలలూ కింది పళ్ళ తలలూ ఒకేసారి పడతాయి. కిరణం పళ్ళ సందుల్లోంచి నేరుగా దూసుకుపోతుంది కాబట్టి ఆనుకున్న చోటికి కాస్త కింద ఎనామిల్‌లో చిన్న ముక్కోణంలా నల్లబడిన చోటు కనిపిస్తుంది. ఎనామిల్ దాటని దశలో పట్టుకుంటే చాలాసార్లు డ్రిల్లుతో పని ఉండదు. ఫ్లోరైడుతో, శుభ్రతతో, గమనికతో ఆపవచ్చు. నొప్పి వచ్చాక తీసే ఎక్స్‌రే కాదిది, నొప్పి రాకుండా తీసేది. చిగుళ్ళ జబ్బుకూ ఇదే మంచి సాక్షి. ఎముక అంచు మామూలుగా ఎనామిల్ ముగిసే గీతకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. అంతకంటే దిగితే ఎముక కరుగుతోందన్నమాట. ఒక జాగ్రత్త ఉంది. పంటి మెడ దగ్గర ఎనామిల్‌కూ ఎముకకూ నడుమ నీడ సహజంగానే పలచన. దాన్ని పుచ్చు అనుకుని డ్రిల్లు పెట్టకూడదు.

మూడోది ఆక్లూజల్ ఎక్స్‌రే. పెద్ద ఫిల్మును పళ్ళ మధ్య అడ్డంగా పెట్టి తీస్తారు. నాలుక కింది లాలాజల నాళంలో రాయి ఇరుక్కుంటే, తినేటప్పుడల్లా దవడ కింద వాపు వస్తుంటే, ఇది ఉపయోగపడుతుంది.

ఇక నోటి బయటి నుంచి తీసేవి. అందరికీ పేరు తెలిసినది ఓపీజీ. గడ్డం ఆనించి, ముందు పళ్ళతో చిన్న పుల్లలాంటి దాన్ని కొరికి నిలబడితే యంత్రం తల చుట్టూ తిరుగుతుంది. ఇందుకు పదిహేను సెకన్లు అటూ ఇటూ పడుతుంది. ఈ పద్ధతిని రూపుదిద్దినవారిలో ముఖ్యులు ఫిన్లాండ్‌కు చెందిన యూర్యో పాతెరో. గుర్రపు లాడం ఆకారంలో ఉన్న ఒక పొర మాత్రమే స్పష్టంగా పడేలా, దానికి ముందూ వెనకా ఉన్నవన్నీ మసకబారేలా ట్యూబూ సెన్సరూ కలిసి తిరుగుతాయి. మీ దవడ ఆ పొరలో కుదురుకోవాలి. అందుకే తల నిలబెట్టడంలో అంత పట్టుదల చూపిస్తాం. "నాలుకను అంగిలికి అంటించి ఉంచండి" అని చెప్పేది కూడా ఊరికే కాదు. నాలుక దిగితే మధ్యలో నిలిచిన గాలి, పై పళ్ళ వేళ్ళ మీద నల్లటి పట్టీలా పరుచుకుంటుంది. చెవి పోగులు తీయకపోతే కుడి పోగు నీడ ఎడమ దవడ మీద కొంచెం ఎత్తున మసకగా తేలుతుంది. దాన్ని జబ్బు అనుకున్న సందర్భాలూ ఉన్నాయి.

రెండు దవడలు, కీళ్ళు, సైనస్ అడుగు భాగం, పిల్లల్లో ఇంకా బయటికి రాని పళ్ళు, ఇవన్నీ ఒకే చూపులో కావాలంటే ఓపీజీ తీయాలి. జ్ఞానదంతాలు, దవడ విరుగుళ్ళు, నీటి తిత్తులు, కణితులు దీని పరిధిలోవి. జ్ఞానదంతం తీసే ముందు దాని వేరు నరం కాలువకు ఎంత దగ్గరగా ఉందో కూడా ఇది సూచిస్తుంది. కాలువ గోడ తెల్లగీత వేరు దగ్గర మాయమైనా, కాలువ వంకర తిరిగినా, వేరు మీద నల్లటి చార పడినా శస్త్రచికిత్స చేసే వైద్యుడు ఒక్క క్షణం ఆగాలి. అయితే ఓపీజీలో సూక్ష్మత తక్కువ, కొలతలు పెద్దవై కనిపిస్తాయి. పళ్ళ సందుల్లో చిన్న పుచ్చు కోసం ఓపీజీ తీయడం దూరం నుంచి చిన్న అక్షరాలు చదవబోవడం లాంటిది. "ఒక్క ఓపీజీ తీస్తే అన్నీ తెలుస్తాయి" అనే మాటతో నేను ఏకీభవించను.

పళ్ళ వరుస సరిచేయడానికి క్లిప్పులు పెట్టే ముందు తల పక్కవాటు ఎక్స్‌రే తీస్తారు. దాన్ని సెఫలోగ్రామ్ అంటారు. తలను ప్రతిసారీ ఒకే తీరులో నిలిపి తీసే ఈ పద్ధతి 1931లో మొదలైంది. ఎత్తుపళ్ళకు కారణం పళ్ళా, దవడ ఎముకలా అని కోణాలు కొలిచి చెప్పేది ఇదే.

చివరగా సీబీసీటీ. దంతవైద్యంలోకి ఇది 1990ల చివరలో వచ్చింది. శంఖువు ఆకారంలో కిరణాలను పంపుతూ ఒక్క చుట్టులో వందల నీడలు తీసి, కంప్యూటర్ వాటిని మూడు కొలతల దిమ్మగా కూర్చుతుంది. ఆ దిమ్మను ఎటు కావాలంటే అటు కోసి చూడవచ్చు. ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు, పెట్టే చోట ఎముక ఎంత వెడల్పు, నరం ఎన్ని మిల్లీమీటర్ల దూరం, రూట్ కెనాల్‌లో దొరకని అదనపు కాలువ ఎక్కడుంది, ఇరుక్కున్న పన్ను పక్క పంటి వేరును తింటోందా? ఇలాంటి ప్రశ్నలకు దీనికి సాటి లేదు. కానీ లోహం ఉన్న చోట చారలు పడతాయి. వేరులో బలం కోసం దిగవేసిన లోహపు పుల్ల (పోస్టు) ఉంటే ఆ చారే పగులులా కనిపించి పన్ను పీకే నిర్ణయం దాకా తీసుకెళ్ళగలదు. పైగా దిమ్మ మొత్తాన్ని చదివే బాధ్యత దాన్ని తీయించిన వైద్యుడి మీద ఉంటుంది. ఒక పంటి కోసం తీసి, మూలన ఉన్న తిత్తిని చూడకపోతే అది క్షమించదగిన తప్పు కాదు.

రేడియేషన్ గురించి అడుగుతారని తెలుసు. భూమి నుంచీ ఆకాశం నుంచీ సహజంగా మనిషికి అందే రేడియేషన్ ప్రపంచ సగటున ఏడాదికి సుమారు 2,400 మైక్రోసీవర్టులు (ఒంటికి అందే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం), అంటే రోజుకు ఆరేడు. ఒక చిన్న పంటి ఎక్స్‌రేకు అయ్యేది కొద్ది మైక్రోసీవర్టులే, దాదాపు ఒక రోజు వాటా. ఓపీజీకి సుమారు 10 నుంచి 25. సీబీసీటీకి యంత్రాన్ని బట్టి, తీసిన భాగాన్ని బట్టి పదుల నుంచి వందల వరకు. అందుకే చిన్న ప్రశ్నకు సీబీసీటీ తీయకూడదు, పిల్లలకు మరీ ఆలోచించాలి. గర్భిణికి పంటి ఎక్స్‌రే నిజంగా అవసరమైతే భయపడి ఆపవద్దు. ఆపితే పెరిగే చీము తల్లికి అంతకంటే ప్రమాదం. కిరణాలను సెన్సరంత మేరకే పరిమితం చేసే దీర్ఘచతురస్రపు గొట్టం వాడటం అసలైన రక్షణ. ఈ తీరు ఎంత మారిందంటే, సీసపు ఏప్రాన్లూ మెడ పట్టీలూ ఇక మామూలుగా అవసరం లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024లో సిఫారసు చేసింది.

ఈ భద్రత ఊరికే రాలేదు. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు ఉండేవారు. 1896 నుంచే పంటి ఎక్స్‌రేలు తీసిన తొలి తరం మనిషి. కిరణాలు సరిగ్గా ఉన్నాయో లేదో తన చేతినే అడ్డం పెట్టి చూసుకునేవారు. క్యాన్సర్ వచ్చి వేళ్ళు పోయాయి, తర్వాత చెయ్యి పోయింది. 1928లో ఆయన మరణించారు. సెన్సర్‌ను రోగి నోట్లో ఎవరూ చేత్తో పట్టుకుని నిలబడకూడదని నా విద్యార్థులకు చెప్పేటప్పుడు నేను ఆయన పేరు చెప్పకుండా ఉండలేను.

మీరు చేయగలిగినది ఒకటుంది. పాత ఎక్స్‌రేలను పారేయకండి, ఫోనులోనైనా దాచుకోండి. ఎముక ఒక మిల్లీమీటరు దిగి ఉంటే అది పదేళ్ళ క్రితం ఆగిపోయిన జబ్బా, ఈ ఏడాది పరుగెత్తుతున్న జబ్బా అన్నది ఒక్క నీడ చెప్పలేదు. రెండు పక్కపక్కన పెడితే క్షణంలో తెలుస్తుంది. ఎక్స్‌రే తీసే ముందు "దీనిలో మీరు ఏం చూడాలనుకుంటున్నారు?" అని వైద్యుణ్ణి అడగండి. నన్ను ఆ పెద్దావిడ అలా అడిగి ఉంటే, జవాబు వెతుక్కునే ప్రయత్నంలోనైనా నా చెయ్యి చల్లటి దూది వైపు వెళ్ళి ఉండేది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.